చిన్నప్పుడు లివర్ మార్చిన పిల్లలకు ఏటా చేసే పెద్ద చెకప్: ఒక తల్లి రివ్యూ

రేటింగ్: 5కి 4. తగ్గించిన ఆ ఒక్కటీ ఎందుకో కింద రాశాను.

ఇది హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నడిచే క్లినిక్ గురించి, ముఖ్యంగా క్యాన్సర్ ఏమైనా మొదలవుతోందా అని అక్కడ ఏటా వెతికే తీరు గురించి. చిన్నతనంలో లివర్ గానీ కిడ్నీ గానీ మార్చిన పిల్లలు పదేళ్ల వయసు దాటాక ఇక్కడికి వస్తారు. ఆసుపత్రి పేరు రాయడం లేదు. మా అమ్మాయి ఇంకా అక్కడే చూపించుకుంటోంది. తన ఆపరేషన్ సంగతి ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో తనే చూసుకుంటానంది. ఆ మాట కాదనే హక్కు నాకు లేదు. పేరు చెప్పకుండా రివ్యూ ఎందుకు అంటారేమో. మీ పిల్లల్ని మీరు ఏ ఆసుపత్రిలో చూపిస్తున్నా, అక్కడ నేను కింద రాసినవన్నీ జరుగుతున్నాయో లేదో సరిచూసుకోవచ్చు కదా, అందుకు.

మా సంగతి రెండు ముక్కల్లో. మాది మిర్యాలగూడ. నేను బ్యాంకులో పనిచేస్తాను. పాప పుట్టాక కామెర్లు ఎన్ని వారాలైనా తగ్గలేదు, దొడ్డికి తెల్లగా వెళ్లేది. బైలియరీ అట్రీసియా అని తేల్చారు. లివర్ నుంచి పసరు పేగులోకి దిగే నాళాలు మూసుకుపోయే జబ్బు అది. పేగును నేరుగా లివర్‌కు కలిపే కసాయ్ ఆపరేషన్ చేశారు గానీ పసరు దిగలేదు. ఏడాది నిండిన కొత్తలో నా లివర్‌లో ఎడమ వైపు ముక్క తీసి పాపకు పెట్టారు. ఇప్పుడు పదహారేళ్లు. ఇంటర్ ఫస్టియర్, బైపీసీ.

మొదటి కొన్నేళ్లు ఇంట్లో అందరి టెన్షన్ రిజెక్షన్ గురించే, అంటే పాప ఒళ్లు కొత్త లివర్‌ను పరాయిదనుకుని తిప్పికొడుతుందేమో అని. లివర్ ఎలా ఉందో చెప్పే ఎస్‌జీపీటీ పరీక్ష ఎంత వచ్చింది, రిజెక్షన్‌ను ఆపే టాక్రోలిమస్ మందు లెవెల్ రక్తంలో ఎంత ఉంది, ఈ రెండు అంకెల మీదే రోజులు నడిచాయి. ఆపరేషన్ చేసిన చోట సర్జన్లు గొప్పవాళ్లు, పాప ఈరోజు తిరుగుతోందంటే వాళ్ల చలవే. కానీ ఆ తర్వాత అన్నేళ్లు అక్కడ తిరిగినా క్యాన్సర్ అనే మాట ఎవరి నోటా రాలేదు. సంతకం పెట్టించుకున్న కాగితాల్లో ఒక లైను ఉందని తర్వాత చూపించారు. ఆపరేషన్‌కు ముందు రోజు, పాపతో పాటు నేనూ థియేటర్లోకి వెళ్లాల్సిన సమయంలో, ఇంగ్లిష్ కాగితంలో ఒక లైను ఉంటే చెప్పినట్టేనా? నేను ఒప్పుకోను. పాపకు పన్నెండేళ్లు దాటాక ఈ క్లినిక్‌కు మారాం. మొదటి విజిట్‌లోనే డాక్టరు ఆ మాట ఎత్తారు. నేను ఈ క్లినిక్‌ను ఇంతగా చెప్పడానికి మొదటి కారణం అదే.

ఆయన ఎత్తిన తీరు కూడా చెప్పాలి. పాపను బయట కూర్చోబెట్టమంటారేమో అని నేను లేవబోయాను. వద్దన్నారు. తన కుర్చీ పాప వైపు తిప్పుకుని, తెలుగులో, పాపతోనే మాట్లాడారు. "నువ్వు వేసుకునే బిళ్ళ నీ ఒంట్లో కాపలావాళ్లను కొంచెం మత్తులో ఉంచుతుంది తల్లీ. లేకపోతే వాళ్లు అమ్మ ఇచ్చిన లివర్‌ను పరాయిదనుకుని దాడి చేస్తారు. కాకపోతే ఆ కాపలావాళ్లకు ఇంకో పని కూడా ఉంది. ఒంట్లో చెడిపోయిన కణాలను ఏరిపారేస్తుంటారు, కొన్ని వైరస్‌లను పెరగనివ్వకుండా చూస్తుంటారు. మత్తులో ఉన్నప్పుడు ఆ పనీ తగ్గుతుంది."

"అంటే నాకు క్యాన్సర్ వస్తుందా సార్?" అంది పాప సూటిగా.

"ఎక్కువ మందికి రాదు. మీ క్లాసులో మిగతా పిల్లలతో పోలిస్తే నీకు వచ్చే అవకాశం మాత్రం ఎక్కువే. అందుకే ఏటా వెతుకుతాం. వస్తే చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలని."

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. పాప మాత్రం అంతా విని, "ఏమేం వెతుకుతారు?" అని తన నోట్‌బుక్ తీసింది. పిల్లలకు చెబితే భయపడతారని మనం దాస్తుంటాం. సరైన మనిషి సరైన మాటల్లో చెబితే వాళ్లు మనకంటే గట్టిగా నిలబడతారు. ఆ రోజు నా కళ్లతో చూశాను.

అంకెలు నేనే అడిగాను. బ్యాంకులో ఉన్నదాన్ని, అంకె లేకుండా ఎక్కువ తక్కువలంటే నాకు ఎక్కదు. అమెరికాలో చిన్నప్పుడు అవయవ మార్పిడి జరిగిన దాదాపు 18 వేల మంది వివరాలను అక్కడి క్యాన్సర్ రిజిస్ట్రీలతో జతచేసి చూశారట, 2017లో ఆ లెక్కలు బయటికొచ్చాయి. అంతమందిలో కనిపించినవి 392 క్యాన్సర్లు. వాటిలో 279 నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాలే, అంటే తెల్ల రక్తకణాల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్లు. అంటే వాళ్లు గమనించినంత కాలంలో నూటికి ఇద్దరికి అటూ ఇటూ, అందులోనూ పదికి ఏడు ఒకే రకం. మిగతావాటిలో లివర్, కిడ్నీ, థైరాయిడ్, ఆడపిల్లల్లో అండాశయం, జననాంగాల దగ్గర వచ్చేవీ ఉన్నాయి. కెనడాలో టొరంటో పిల్లల ఆసుపత్రిలో 1991 నుంచి 2014 వరకు మార్పిడి జరిగిన 950 మందికి పైగా పిల్లల లెక్క కూడా చెప్పారు. మొదటి ఏడాదే ముప్పు అన్నిటికంటే ఎక్కువట. పదేళ్లు దాటాక కూడా మామూలు పిల్లలకంటే దాదాపు పది రెట్లు ఉంటుందట. పది రెట్లు అనగానే నా గుండె జారింది. మామూలు పిల్లల్లో క్యాన్సర్ చాలా అరుదు కాబట్టి, అరుదైన దానికి పది రెట్లు కూడా ఇంకా తక్కువ మందే అని ఆయన కాగితం మీద గీసి చూపించాక కుదుటపడ్డాను. అయినా నాకు అర్థమైంది ఒకటే. ఆపరేషన్ జరిగి చాలా ఏళ్లయింది కదా, గండం గడిచింది అనుకుని చెకప్‌లు మానేసే వీల్లేదు.

ఇప్పుడు ఆ లింఫోమాలకు చాలాసార్లు మూలమయ్యే ఈబీవీ సంగతి. పూర్తి పేరు ఎప్‌స్టైన్-బార్ వైరస్. పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఇది ఉంటుంది, ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. చాలామంది చిన్నపిల్లలకు ఇంకా సోకి ఉండదు. మార్చిన అవయవంతో పాటే వైరస్ వస్తే, అప్పటికే ఇమ్యూనిటీ తగ్గించే మందులు జోరుగా నడుస్తుంటాయి కాబట్టి దాన్ని ఆపేవాళ్లుండరు. వైరస్ సోకిన బి కణాలు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు, అదుపు లేకుండా పెరిగి గడ్డలు కడతాయి. దీన్నే పీటీఎల్‌డీ అంటారు. కొందరిలో అది మామూలు వాపుగానే ఉంటుంది, కొందరిలో అచ్చమైన లింఫోమా అవుతుంది. పేగు మార్చిన పిల్లల్లో ఈ ముప్పు అన్నిటికంటే ఎక్కువ, గుండె, ఊపిరితిత్తులు మార్చినవాళ్లలోనూ ఎక్కువే.

డాక్టరు మొదట అడిగిన కాగితం ఏమిటో తెలుసా? ఆపరేషన్ నాటికి పాపకు ఈబీవీ ఉందా లేదా, నాకు ఉందా లేదా అన్న రిపోర్టు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో అడిగితే దొరికింది. నాకు ఉంది, పాపకు లేదు. నా లివర్‌తో పాటే నా ఒంట్లోని వైరస్ కూడా వెళ్లి ఉంటుంది. ఆ మాట వినగానే నా మొహం చూసి ఆయన, "మీరు ఇవ్వకపోతే పాప ఉండేదే కాదమ్మా. దాత ఎవరైనా దాదాపు ఇదే కథ," అన్నారు. ఇలాంటి మాట చెప్పడానికి ఆయనకు అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషం లేని ఓపీలు ఎన్ని చూశానో.

పీటీఎల్‌డీకి వైద్యం ఉంది. ఇది అందరికీ తెలియాలి. 1963లో మొట్టమొదటి లివర్ మార్పిడి చేసిన థామస్ స్టార్జల్, ఆయన బృందమే 1984లో ఒక సంగతి రాశారట. ఇమ్యూనిటీ తగ్గించే మందును తగ్గిస్తే, కొందరిలో ఆ గడ్డలు వాటంతట అవే కరిగిపోతాయని. ఇప్పటికీ మొదటి మెట్టు అదే. దానికి తగ్గకపోతే రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్, ఆ తర్వాతే కీమో. ఇందులో చిక్కల్లా మందు తగ్గిస్తే లివర్ రిజెక్ట్ అవుతుందేమో అని. ఆ తూకం డాక్టరు చేతిలోనే ఉండాలి. ఇది చదివి ఎవరూ పిల్లల బిళ్ళలు సొంతంగా తగ్గించకండి, దండం పెట్టి చెబుతున్నా. టీనేజీలో బిళ్ళలు మానేసి లివర్ పోగొట్టుకున్న పిల్లలు క్యాన్సర్ వచ్చినవాళ్లకంటే ఎక్కువని ఆ క్లినిక్‌లో నర్సమ్మ ప్రతి తల్లికీ చెబుతుంది.

వెయిటింగ్ హాల్లో కర్నూలు నుంచి వచ్చే ఒకావిడ పరిచయమైంది. వాళ్ల బాబుకు కిడ్నీ మార్చారు. ఆపరేషన్ అయ్యాక రెండో ఏడు నడుస్తుండగా బాబు రాత్రిళ్లు గురక పెట్టడం మొదలుపెట్టాడట. జలుబేమో అని ఊళ్లో డాక్టరు సిరప్ రాశాడు. గురక తగ్గలేదు, నోరు తెరుచుకుని పడుకునేవాడు, అన్నం మింగడానికి ఇబ్బంది పడేవాడు. ఆవిడ ఫోన్‌లో గురక రికార్డు చేసి ఈ క్లినిక్ నర్సుకు పంపిందట. మర్నాడే రమ్మన్నారు. టాన్సిల్స్ రెండూ ఒకదానికొకటి ఆనుకునేంత వాచిపోయి ఉన్నాయి. ముక్క తీసి పరీక్షకు పంపితే పీటీఎల్‌డీ. మందు తగ్గించారు, రిటుక్సిమాబ్ ఇచ్చారు. ఇప్పుడు వాడు ఆ హాల్లోనే చెల్లెలితో కలిసి కుర్చీల కింద దూరి ఆడుకుంటున్నాడు. కిడ్నీ కూడా బాగానే పనిచేస్తోందట. "అక్కా, గురక కూడా జబ్బేనని ఎవరికి తెలుసు చెప్పు," అంది. ఆవిడ చెప్పింది అందరికీ చెప్పమంది కాబట్టి ఇక్కడ రాశాను. తగ్గని జ్వరం, మెడలోనో చంకల్లోనో గజ్జల్లోనో బిళ్ళ కట్టడం, కొత్తగా గురక, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని విరేచనాలు, కడుపు నొప్పి, రక్తం తగ్గిపోవడం. వీటిలో ఏది కనిపించినా ఊళ్లో సిరప్‌తో వారాలు నెట్టకుండా మార్పిడి డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఇక చెకప్ ఎలా జరుగుతుందంటే, పొద్దున్నే రక్తం ఇవ్వడంతో మొదలు. టాక్రోలిమస్ లెవెల్ చూడాలంటే పొద్దుటి డోసు వేసుకోకముందే, రాత్రి వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తీయాలి. మేము తెల్లవారుజామున బయల్దేరి బిళ్ళ డబ్బా చేతిలో పట్టుకుని వెళ్తాం, రక్తం ఇచ్చిన వెంటనే పాప అక్కడే వేసుకుంటుంది. దూరం నుంచి వచ్చేవాళ్లని శాంపిల్ కౌంటర్లో ముందు పిలుస్తారు. చిన్న సంగతే, కానీ ఖాళీ కడుపుతో మూడు గంటలు ప్రయాణం చేసొచ్చిన పిల్లకు అది చిన్నది కాదు. లివర్, కిడ్నీ పరీక్షలు, సీబీసీ, ఈబీవీ ఎంత ఉందో చూసే పీసీఆర్, కడుపు స్కానింగ్. కిడ్నీ మార్చిన పిల్లల్లో పాత కిడ్నీలను మామూలుగా తీయకుండా లోపలే వదిలేస్తారు కదా, వాటిలోనూ గడ్డలు వచ్చే వీలుంది కాబట్టి స్కానింగ్‌లో వాటినీ చూస్తారు.

తర్వాత డాక్టరు ఒళ్లంతా చేత్తో చూస్తారు. ఏసీ గదిలో చేతులు చల్లగా ఉంటాయని రెండు అరచేతులూ బాగా రుద్దుకుని, ముందు దవడ కింద, చెవుల వెనక, మెడ రెండు పక్కలా వేళ్ల కొసలతో మెల్లగా దొర్లిస్తూ వెళ్తారు. చంకలు, గజ్జలు, ప్లీహం, థైరాయిడ్. నోరు తెరిపించి టార్చితో టాన్సిల్స్. చూస్తూ చూస్తూనే పాపకు నేర్పిస్తారు. "ఇదిగో, ఇక్కడ శనగగింజంత తగులుతోంది చూడు. ఇది నీకు ముందునుంచీ ఉన్నదే, మెత్తగా కదులుతుంది, పర్లేదు. ఇది గట్టిపడినా, పెద్దదైనా నాకు చెప్పాలి." తన మెడ తను తడిమి చూసుకోవడం మా అమ్మాయికి ఇప్పుడు వచ్చు. నేను ఎల్లకాలం పక్కన ఉండను. ఇది దానికి రావాల్సిన విద్యే.

చర్మం చూసే డాక్టరు ఆడవాళ్లే, గదిలో ఆడ నర్సు కూడా ఉంటుంది. ఇదంతా నాకు నచ్చింది. చిన్న లెన్సు పెట్టి పుట్టుమచ్చలు, పెదవులు, చెవి తమ్మెలు, కాలివేళ్ల సందులు, గోళ్ల కింద కూడా చూస్తారు. దుస్తుల లోపలి భాగాలు చూసే ముందు పాపను అడిగి, సరేనంటేనే చూస్తారు. "మనం నల్లగానో చామనఛాయగానో ఉంటాం, మనకు చర్మ క్యాన్సర్ ఎందుకొస్తుంది?" అని నేను అడిగాను. తెల్లవాళ్లలో అవయవ మార్పిడి తర్వాత చర్మ క్యాన్సర్ చాలా ఎక్కువ, మన రంగుకు ఆ ముప్పు బాగా తక్కువే అన్నారు. కానీ ముదురు రంగు చర్మంలో అది వచ్చినప్పుడు ఎండ తగలని చోట్ల, మర్మాంగాల దగ్గర రావడం ఎక్కువట. ఒంటి మీద బయటికి కనిపించే చోట మాత్రమే చూసి పంపేస్తే అది దొరకదు. అందుకే అంత వివరంగా చూస్తారు.

ఎండ సంగతి అలాగని వదిలేయరు. పాప కాలేజీలో ఖోఖో ఆడుతుంది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, ఎండలోని యూవీఏ కిరణాలను కూడా ఆపే సన్‌స్క్రీన్ రాయమన్నారు. మొహం మీద తెల్లగా పూసినట్టు కనిపించే క్రీములు మా అమ్మాయి రాయదు, జెల్ రకం అయితే రాస్తుంది. ఏ పిల్లయినా రాసుకునేదే మంచి సన్‌స్క్రీన్ అని ఆ డాక్టరమ్మ అనడం నాకు బాగా నచ్చింది. టోపీ దగ్గర మాత్రం గొడవే. చివరికి పొద్దున్న ఎనిమిదిలోపు ప్రాక్టీసు, ఫుల్ హ్యాండ్స్ కాటన్ చొక్కా దగ్గర రాజీ కుదిరింది. ఇమ్యూనిటీ తగ్గించే మందుల్లో అజాథయోప్రిన్ అనేది వాడే పిల్లలకైతే ఇంకా గట్టిగా చెబుతారు, ఆ మందు చర్మాన్ని ఎండకు మరింత సున్నితం చేస్తుంది. మగపిల్లలను పక్కకు పిలిచి గుట్కా, సిగరెట్ గురించి సూటిగా అడుగుతారు. తల్లిదండ్రులను బయటికి పంపేది ఆ ఐదు నిమిషాలే.

హెచ్‌పీవీ టీకా గురించి ఇంట్లో చాలా రోజులు చర్చ నడిచింది. ఈ వైరస్ వల్లే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తుంది. ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడే ఆడవాళ్లలో వైరస్ పోకుండా అట్టే ఉండిపోతుంది కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ. "పెళ్లి కాని పిల్లకు అదెందుకు?" అని మా అత్తమ్మ. క్లినిక్‌లో ఆ మాట చెబితే, ఈసారి నానమ్మను కూడా తీసుకురమ్మన్నారు. తీసుకెళ్లాను. నర్సమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, పెళ్లికి ముందే వేస్తేనే బాగా పనిచేస్తుందని, ఇందులో బతికున్న వైరస్ ఉండదు కాబట్టి లివర్ మార్చిన పిల్లలకు కూడా ప్రమాదం లేదని ఓపిగ్గా చెప్పింది. మామూలు పిల్లలకు చిన్న వయసులో రెండు డోసులు చాలు, మన పిల్లలకు మూడు కావాలి. 2023 నుంచి మన దేశంలో తయారైన సర్వావాక్ దొరుకుతోంది, బయటి దేశం టీకాకంటే చవక. మా పాపకు అదే వేయించాం. వీలైతే ఆపరేషన్‌కు ముందే టీకాలన్నీ పూర్తిచేయడం మంచిదట. బతికున్న వైరస్ ఉండే టీకాలు, అంటే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకు వేసేది), చికెన్‌పాక్స్ లాంటివి, మార్పిడి తర్వాత మామూలుగా వేయరు. ఊళ్లో ఎవరు ఏ టీకా వేస్తామన్నా ముందు మీ డాక్టరును అడగాలి.

తిండి, మందుల గురించి ఒక కాగితం ఇస్తారు, తెలుగులో. మా ఫ్రిజ్‌కు అదే అంటించి ఉంది. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు, అవి టాక్రోలిమస్ లెవెల్‌ను పెంచేస్తాయి. మా ఇంటి వెనక పంపరపనస చెట్టుంది, పాప దాని కింద నీడకే కూర్చుంటుంది. జ్వరానికి క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కు ఫ్లూకోనజోల్ లాంటివి రాస్తే మింగే ముందు క్లినిక్‌కు ఫోన్ చేయాలి, అవీ లెవెల్ పెంచుతాయి. మెడికల్ షాపులో మనం వాడే కంపెనీది లేదని వేరే కంపెనీ టాక్రోలిమస్ ఇస్తే అడగకుండా తీసుకోకూడదు. లెవెల్ ఊరికే ఎక్కువగా ఉంటే ఇమ్యూనిటీ అనవసరంగా తగ్గుతుంది, ఇన్ఫెక్షన్లకూ క్యాన్సర్‌కూ తలుపు తీసినట్టే. మా పాపకు రిజెక్షన్ రాకుండా ఎంత తక్కువలో ఉంచగలరో అంత తక్కువలో ఉంచుతున్నారు. ఏటా మొదటి ప్రశ్నగా "ఇంకొంచెం తగ్గించగలమా?" అని ఆ డాక్టరు తనను తనే ప్రశ్నించుకోవడం నేను విన్నాను.

తగ్గించిన ఒక్క మార్కు ఎందుకంటే.

చర్మం డాక్టరు కూర్చునే రోజు వేరు, ఈ క్లినిక్ రోజు వేరు. దూరాల నుంచి వచ్చేవాళ్లు ఒక రాత్రి ఉండాలి, లేదా రెండోసారి రావాలి. ఉద్యోగాలున్నవాళ్లకు సెలవు, లేనివాళ్లకు కూలి పోతుంది. ఒకే రోజు పెట్టమని నేను కాగితం మీద రాసిచ్చాను, ఇంకా పెట్టలేదు. ఈబీవీ పీసీఆర్ అక్కడ చేయరు, బయటి ల్యాబ్‌కు పంపుతారు. నాలుగైదు వేలు అవుతుంది, రిపోర్టు వచ్చేసరికి మేము ఊరికి చేరి వారం అవుతుంది. ఫోన్ చేస్తే చెబుతారు గానీ, మనమే గుర్తుపెట్టుకుని చేయాలి. కౌన్సిలర్ మంచి అమ్మాయే కానీ హిందీ, ఇంగ్లిష్ మాత్రమే వచ్చు. పల్లెల నుంచి వచ్చిన తల్లులు ఆమె ముందు తలలూపి, బయటికొచ్చి నన్ను అడుగుతున్నారు, ఏం చెప్పిందని. ఇలాంటి విషయానికి తెలుగు కౌన్సిలర్ లేకపోవడం చాలా పెద్ద లోటు.

అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది పద్దెనిమిదేళ్లు నిండాక ఏంటి అన్నది. పెద్దవాళ్ల విభాగానికి పంపిస్తామంటున్నారు. అక్కడ లివర్ మార్పించుకున్నవాళ్లలో ఎక్కువ మంది నలభై, యాభై ఏళ్లవాళ్లు, తాగుడు వల్లో హెపటైటిస్ వల్లో ఆపరేషన్ అయినవాళ్లు. ఏడాది వయసు నుంచి ఈ మందులు వాడిన మనిషి ఒంట్లో నలభయ్యో ఏట ఏం చూడాలో మన దేశంలో అనుభవం ఉన్నవాళ్లు తక్కువ. తక్కువ ఉండటంలో ఆశ్చర్యం కూడా లేదు. మన దేశంలో పిల్లలకు మొదటిసారి విజయవంతంగా లివర్ మార్చింది 1998 నవంబరులో, ఢిల్లీలో, ఇరవై నెలల బాబుకు. ఆ బాబుకూ బైలియరీ అట్రీసియానే. పెద్దయ్యాక డాక్టరయ్యాడు. ఆ వార్త నేను ఎన్నిసార్లు చదువుకున్నానో. మన దగ్గర ఈ దారిలో ముందు నడుస్తున్నవాళ్లకే ఇంకా ముప్పై ఏళ్లకు అటూ ఇటూ. అందుకే పిల్లల డాక్టరు, పెద్దల డాక్టరు ఒకే గదిలో కూర్చుని కనీసం ఏడాది పాటు పాపను కలిసి చూడాలని అడుగుతున్నాను. ఫైలు ఒక గది నుంచి ఇంకో గదికి పంపేస్తే సరిపోదు. ఈ ఏర్పాటు చేస్తే ఐదుకు ఐదు ఇవ్వడానికి నేను సిద్ధం.

ఖర్చు విషయం. ఏడాదికోసారి ఈ చెకప్ మొత్తం, ప్రయాణంతో కలిపి, నా జీతంలో బాగానే కనిపిస్తుంది. అయినా కోత పెట్టాల్సిన చోటు ఇది కాదు. అంత పెట్టలేనివాళ్లు పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకుని రిపోర్టులు తెచ్చినా ఇక్కడ చూస్తారు, మళ్లీ చేయించమని పట్టుబట్టరు. మధ్యలో వచ్చే లెవెల్ పరీక్షలు మేమూ మిర్యాలగూడలోనే చేయించి వాట్సాప్‌లో పంపుతాం. జవాబు సాయంత్రానికల్లా వస్తుంది.

మీ పిల్లలకు ఇలాంటి క్లినిక్‌లో మొదటిసారి చూపించబోతుంటే పాత ఫైలు మొత్తం పట్టుకెళ్లండి. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నాటి ఈబీవీ, సీఎంవీ (అలాంటిదే ఇంకో వైరస్) రిపోర్టులు, అప్పట్లో ఇచ్చిన మందుల పేర్లు, రిజెక్షన్ వచ్చి స్టెరాయిడ్ పెద్ద డోసులు ఇచ్చి ఉంటే ఆ తేదీలు, టీకాల కార్డు. దాత రిపోర్టు మీ దగ్గర లేకపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డుల విభాగంలో రాతపూర్వకంగా అడగండి. మాకు అలా అడిగాకే దొరికింది. క్లినిక్ వారంలో ఒక్కరోజే ఉంటుంది, అపాయింట్‌మెంట్ ఫోన్‌లో ఇస్తారు, పొద్దున ఏడున్నరకల్లా శాంపిల్ కౌంటర్ దగ్గర ఉంటే మధ్యాహ్నం రెండింటికి బస్సు ఎక్కొచ్చు.